నిశ్చితార్థానికి ముందు ఆ ఇంట్లో ఏం జరిగింది?

చిరంజీవికి ఆశీస్సులు.

బీచ్‌లో తొలిచూపు నుంచి నిశ్చితార్థం దాకా నువ్వు రాసి పంపిన ప్రేమకథ అందింది. ముందు చిన్న విషయం తేల్చేస్తాను. ఆర్కే బీచ్‌లో అబ్బాయీ అమ్మాయీ కూర్చుని సముద్రంలోకి జారుతున్న సూర్యుణ్ణి చూశారని రాశావు. మన విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి పైకొస్తాడే గానీ అందులో మునగడమ్మా. సాయంత్రమే కావాలంటే వాళ్ల వీపుల వెనక, ఊరి వైపు పొద్దు గుంకించు.

అసలు బీచే ఎందుకు? అక్కడ ఎవరైనా కలుస్తారు, మురీ మిక్చర్ తిని ఎవరి దారిన వాళ్లు పోతారు. కాసేపైనా ఒకరి పక్కన ఒకరు ఉండక తప్పని చోటు వెతుకు. సింహాచలం అప్పన్న గిరి ప్రదక్షిణ ఉందిగా! ఆషాఢ పౌర్ణమి ముందు రోజు కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్ల నడక. అబ్బాయి వాళ్లమ్మతో, అమ్మాయి వాళ్ల పెద్దమ్మతో బయల్దేరారనుకో. అడివివరం దాటేదాకా అందరూ హుషారే. అప్పూఘర్ దగ్గరికొచ్చేసరికి పెద్దవాళ్ల నడక మందగిస్తుంది. ఏ అర్ధరాత్రో ఎన్‌ఏడీ జంక్షన్ దాటాక, అరికాళ్లు బొబ్బలెక్కి పెద్దమ్మ రోడ్డు పక్కన చతికిలబడుతుంది. దారిలో పంచుతున్న మజ్జిగ ఆ అబ్బాయి తెచ్చిస్తాడు. అమ్మాయి అతని మొహం చూడదు. వానకి నాని తెల్లగా ముడతలు పడ్డ అతని పాదాలు చూసి "మీకు నొప్పి లేదా?" అంటుంది. చాలు. తొలిచూపు గురించి నువ్వు రాసిన పేరా మొత్తం కొట్టెయ్.

మధ్యలో ప్రేమ భాగం బాగానే కుదిరింది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో గాజువాక బస్సులు కావాలనే వదిలేసుకుంటూ నిలబడటం నాకు నచ్చింది, దాన్ని కదపకు.

నా పేచీ అంతా ఆ తర్వాతే. "పెద్దలు ఒప్పుకున్నారు" అని ఒక్క ముక్కలో తేల్చి, నేరుగా ఫంక్షన్ హాల్లో ఉంగరాలు మార్పించేశావు. కథ ఉన్నదే అక్కడైతే, నువ్వు దాన్నే దాటేశావు. అమ్మాయి వాళ్ల నాన్నది స్టీల్‌ప్లాంట్ ఉద్యోగం అన్నావు కదా. సీ షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, చేసి పొద్దున్నే వచ్చి పడుకునే మనిషికి ఇలాంటి మాట ఎప్పుడు చెప్పాలి? వాళ్లమ్మ 'ఏ' షిఫ్టు (పొద్దుటి డ్యూటీ) వారం వచ్చేదాకా ఆగుతుంది. సాయంత్రం టీ ఇచ్చి చెబుతుంది. ఆయన కోప్పడడు, టీవీ సౌండ్ పెంచుతాడు. ఆ రాత్రే బాబాయ్ ఫోను: "ఎవులాళ్లు? మనోళ్లేనా?"

ఈ ప్రశ్న వినపడని ఇళ్లు మన దగ్గర ఎన్నున్నాయి చెప్పు? దాన్ని దాచేసి రాస్తే ప్రేమకథ శుభలేఖ చదివినట్టుంటుంది. మనోళ్లు కాదనే అనుకుందాం. (అన్నట్టు, గాజువాక బాబాయ్ చేత న్యూస్ రీడర్ భాష మాట్లాడించకు.) అప్పుడు పెద్దమ్మ నోరు విప్పుతుంది: "అప్పన్న చుట్టూ తిరిగినప్పుడు మజ్జిగిచ్చిన కుర్రోడే కదేటి!" ఆ మాటతో గొడవ తీరిపోకూడదు. ఈవిడకి మొదట్నుంచీ తెలుసన్నమాట అని నాన్నకి అప్పుడే వెలుగుతుంది. ఇక ఆయన అలక కూతురి మీద కాదు, వదినగారి మీద.

ఇంకో సంగతి. నిశ్చితార్థం ఆషాఢంలో పెట్టావు. ఏ పురోహితుడూ ఒప్పుకోడు, శ్రావణం దాకా ఆగమంటాడు. ఆగనీ, నీకు మంచిదే. ఒప్పుకున్న నాన్న ఈలోగా మళ్లీ మనసు మార్చుకుంటాడేమోనన్న టెన్షన్‌తో రెండు పేజీలు నడుస్తాయి.

తాంబూలాల రోజు ఫోటోలు, కేకు తగ్గించు. లగ్నపత్రికలో రెండు వైపుల గోత్రాలూ, తాతల పేర్లూ పురోహితుడు పైకి చదువుతాడు. అప్పుడు బాబాయ్ ఏం చేస్తాడు? తలొంచుకుని తాంబూలం అందుకుంటాడా, ఫోనొచ్చిందని లేచి బయటికి పోతాడా? నాకైతే రెండోదే నమ్మబుద్ధవుతోంది. ఆ సీను రాసి నెలాఖరులోగా పంపు.