కెరటాల ఎత్తు గురించి మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మామ కర్నూలు నుండి ఆశీర్వదించి వ్రాయునది.

నీ లఘుచిత్రం కోసం ఒక రేవును, దాని ముందున్న సముద్రాన్ని కంప్యూటరులోనే పుట్టించబోతున్నావని అక్క చెప్పింది. తుంగభద్ర ఒడ్డున పెరిగిన పిల్ల సముద్రానికి పూనుకున్నదని గర్వపడ్డాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

బ్లెండరు అనే త్రీడీ ప్రోగ్రాములో అలలు పుట్టించే ఓషన్ మాడిఫయరు పెట్టడం, నీరు ఎక్కడ ఎంత కదలాలో చెప్పే దాని స్థానభ్రంశపు చిత్రాలను ఈఎక్స్ఆర్ అనే బొమ్మ ఫైళ్లుగా బేక్ చేయడం (ముందే లెక్కకట్టి దాచుకోవడం) నీకు తెలిసినవే. రేవు గోడ దగ్గర అల తగ్గాలంటే, నడిసముద్రానికి తెలుపు (విలువ 1), గోడ పక్కకు నలుపు (విలువ 0) పూసిన టెక్స్చర్, అంటే నీటి మీద పరిచే బొమ్మ, ఒకటి గీసి, దాని విలువతో అల కదలికను గుణించు. కలపవద్దు; కలిపితే అల తగ్గదు, నీటిమట్టమే పైకి లేస్తుంది.

ఇక నా తప్పు సంగతి. హైదరాబాదులో ఒక స్టూడియోలో పనిచేసే రోజుల్లో, నడిసముద్రంలో 4 మీటర్ల అలలు, రేవు ముఖాన అందులో సగం కావాలన్నారు. సగమే కదా అని 0.5 విలువ గల బూడిదరంగు పూశాను. తీరా చూస్తే అక్కడ నీళ్లు కుంటలో నీళ్లలా ఉన్నాయి. ప్రోగ్రాము నా టెక్స్చరును ఫొటో అనుకొని, తెర మీది రంగుల లెక్క అయిన ఎస్ఆర్‌జీబీగా చదివి, 0.5ను సుమారు 0.21గా వాడుకుంటున్నదని నాకు తోచలేదు. తోచకపోగా, తెలివిగా అనుకొని, మొత్తం సముద్రపు అలల స్కేలునే రెండింతలకు పైగా పెంచాను. రేవు సరిగ్గా కుదిరింది. కుదిరిందన్న సంబరంలో మిగతా సముద్రాన్ని చూడకుండానే రాత్రి రెండరుకు (ఫ్రేములన్నీ తుది బొమ్మలుగా తయారయ్యే పనికి) పెట్టి ఇంటికి పోయాను. తెల్లవారి వచ్చి చూస్తే, తెలుపున్న చోట అలలు 9 మీటర్లు దాటి లేచాయి, పడవ జాడే లేదు. అప్పుడైనా బుద్ధి రావద్దా? పడవను పైకెత్తాను! మూడు రోజులు ఒక తప్పు మీద ఇంకో తప్పు పేర్చుకుంటూ పోయాక, తోటి పనివాడొకడు వచ్చి టెక్స్చరు కలర్ స్పేసును, అంటే రంగు అంకెలను చదివే పద్ధతిని, విలువలను ఉన్నవి ఉన్నట్టే తీసుకునే నాన్-కలర్‌కు మార్చి, మాట్లాడకుండా టీకి వెళ్లాడు. నీకూ నాలాగే తొందర ఎక్కువ, అది మన ఇంటి జబ్బు. ముందు ఆ సెట్టింగు చూడు తల్లీ, తర్వాతే స్కేలు ముట్టుకో.

టెక్స్చరును 8 బిట్లలో దాచవద్దు. 256 మెట్లే ఉంటాయి గనుక 4 మీటర్ల అలకు ఒక్కో మెట్టు ఒకటిన్నర సెంటీమీటరు; ఏటవాలు వెలుతురులో అవి పొలం గట్లలా కనబడతాయి. 16 బిట్లు వాడు.

గోడ దగ్గర మాత్రం నా మాట తప్పకుండా విను. 2009 అక్టోబరు వరదలో మేడ మెట్ల మీద నిలబడి, నీళ్లు ఒక్కో మెట్టు ఎక్కడం లెక్కపెట్టినవాడిని. గోడ దాటిన నీరు బొమ్మలోనిదైనా నాకు గుండె దడే. అందుకే గోడను ఆనుకొని కొంత మేర పూర్తి నలుపు ఉంచి, అక్కడి నుండి మెల్లగా తెలుపుకు తీసుకుపో. ఎత్తును మాత్రమే గుణించి పక్కకు జరిగే కదలికను వదిలేస్తే, చదునైన నీరు కూడా గోడలోకి చొరబడుతుంది. దాన్నీ అదే టెక్స్చరుతో గుణించు. నురగనూ మరచిపోకు, లేకుంటే కదలని నీటిమీద తెల్లగా తేలుతుంది.

గోడ పక్క ఫ్రేమొకటి, పడవ ఉన్న ఫ్రేమొకటి నాకు పంపు. నేను చూసేదాకా రాత్రి రెండరుకు పెట్టవద్దు.

ఇట్లు,
మీ మామ