గేమ్‌లో పెట్టె నీటి మీద సరిగా తేలాలంటే

ప్రశ్న: నేను తయారుచేస్తున్న గేమ్‌లో సముద్రపు అలలను గెర్స్‌ట్నర్ పద్ధతిలో, షేడర్ (గ్రాఫిక్స్ చిప్ మీద నడిచి దృశ్యాన్ని గీసే చిన్న ప్రోగ్రామ్) ద్వారా చూపిస్తున్నాను. అలలు బాగానే వచ్చాయి కానీ, వాటి మీద వదిలిన పెట్టె ఒకసారి నీటిలో కూరుకున్నట్టు, మరోసారి గాలిలో నిలిచినట్టు కనిపిస్తోంది. అప్పుడప్పుడు ఆకాశంలోకి ఎగిరిపోతోంది కూడా. లోపం ఎక్కడుంది?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలకు కారణాలు రెండు, వాటిలో మొదటిది నీటి ఎత్తును లెక్కించే తీరుకు సంబంధించినది. భౌతిక శాస్త్రవేత్త గెర్స్‌ట్నర్ 1802లో వివరించిన ఈ అలలో ప్రతి నీటి బిందువూ పైకీ కిందికీ కదలడమే కాక పక్కకు కూడా జరుగుతూ వృత్తంలో తిరుగుతుంది. శృంగాలు (అల శిఖరాలు) మొనదేలి, ద్రోణులు (అలల మధ్య పల్లాలు) వెడల్పుగా ఉండేది అందువల్లనే. కాబట్టి పెట్టె ఉన్న స్థానాన్ని నేరుగా సూత్రంలో వేస్తే వచ్చే ఎత్తు అక్కడి నీటిది కాదు, అక్కడ బయలుదేరి పక్కకు జరిగిపోయిన బిందువుది. ఆ జరుగుదలను పెట్టె స్థానం నుంచి తీసివేసి, వచ్చిన స్థానంతో మళ్లీ లెక్కించి, ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే మామూలు అలలకు సరైన ఎత్తు దొరుకుతుంది. అయితే ఒక్కో అల తరంగసంఖ్యను (2πను అల పొడవుతో భాగిస్తే వచ్చేది) దాని గరిష్ఠ పక్కవాటు జరుగుదలతో గుణించి, వాటన్నిటినీ కూడితే వచ్చే మొత్తం 1 లోపే ఉండాలి. అది దాటితే నీటి ఉపరితలమే తన మీద తాను మడతపడవచ్చు, అక్కడ ఏ లెక్కా నిలవదు. షేడర్‌కూ, పెట్టె కదలికను లెక్కించే ఫిజిక్స్‌కూ ఒకే గడియారం ఉండాలన్నది చిన్న విషయమే గానీ, చాలామంది మరిచిపోయేది అదే.

రెండోది, పెట్టె ఎగిరిపోవడానికి కారణం, బహుశా ఉత్ప్లవన బలానికి (నీరు పెట్టెను పైకి నెట్టే బలానికి) హద్దు లేకపోవడం. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం ఆ బలం తొలగిన నీటి బరువుకు సమానం కనుక, పెట్టె పూర్తిగా మునిగాక ఎంత లోతుకు పోయినా అది పెరగదు. మునిగిన లోతును పెట్టె ఎత్తుతో భాగించి, ఆ విలువను 0కూ 1కీ మధ్య బంధించి, పూర్తిగా మునిగినప్పటి బలాన్ని దానితో గుణించండి. బలాన్ని మధ్యలో ఒక్కచోట కాక నాలుగు మూలలకూ పంచితే, అల వాలును బట్టి పెట్టె దానంతటదే ఒరుగుతుంది.

ఇంత చేసినా డాంపింగ్ (కదలికను క్రమంగా తగ్గించే నిరోధం) లేకపోతే ఊగిసలాట ఆగదు. అర మీటరు ఎత్తుండి, సాంద్రత నీటిలో సగమున్న పెట్టె దాదాపు సెకనుకొకసారి చొప్పున ఎడతెగకుండా పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. డాంపింగ్‌ను పెట్టె వేగంతో కాక, పెట్టె వేగానికీ నీటి వేగానికీ ఉన్న తేడాతో లెక్కించడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే పెట్టె వేగం ఒక్కదాన్నే తీసుకుంటే అల దాన్ని మోసుకుపోయే బదులు దాని కింద నుంచి జారిపోతుంది.

రేపు పెట్టె స్థానంలో పెద్ద పడవను పెడితే, దాని పొడవు కంటే బాగా చిన్నవైన అలలను ఫిజిక్స్ లెక్క నుంచి తీసివేసి, షేడర్‌లో మాత్రమే ఉంచవచ్చు.