బియ్యం బదులు వండుకునే కినోవా గింజలతో అన్నం తిన్న తృప్తి వస్తుందా? షుగరున్న పెద్దాయనకి ఎలా వండిపెట్టాలి?

వస్తుంది. అయితే పొడిపొడిగా వండితే మాత్రం రాదు. మెత్తగా, గరిటజారుగా వండాలి. ఇది తెలుసుకునేలోపు మా ఇంట్లో ఒక పెద్దాయన ఆకలితో పడుకున్నారు.

మా మామయ్యగారిది తెనాలి. అత్తయ్యగారు చనిపోయిన ఏడాది, చలికాలంలో న్యూజెర్సీలో మా దగ్గర ఆరు నెలలు ఉందామని వచ్చారు. 70 దాటాయి, పాతికేళ్లుగా షుగరు. అన్నం, ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ ఉంటే ఇంకేమీ అడగని మనిషి. వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్న డైట్ కాగితంలో అన్నం కొట్టేసి కినోవా అని రాసుంది. ఎలా వండాలో ఒక్క ముక్క లేదు. ఇలాంటి కాగితాలు రాసేవాళ్ల మీద నాకు చెప్పలేనంత కోపం. పుట్టినప్పటి నుంచీ తింటున్న అన్నాన్ని ఒక్క గీతతో కొట్టేస్తారు. దాని బదులు రాత్రికి ఆ మనిషి ఏం కలుపుకుని తినాలో ఆలోచించరు.

ప్యాకెట్ మీద రాసినట్టే గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్లు పోసి వండాను. ఆయన పప్పూ నెయ్యీ వేసుకుని కలిపారు. ముద్ద కట్టలేదు. గింజలు వేళ్ల సందుల్లోంచి కంచంలోకి జారిపోతున్నాయి. రెండుసార్లు నోట్లో పెట్టుకుని, "చేదుగా ఉందమ్మాయ్" అని మెల్లగా కంచం జరిపారు. మజ్జిగ తాగి పడుకున్నారు. బయట మంచు పడుతోంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ చేదు కినోవా గింజ పైపొరలో ఉండే సాపోనిన్ వల్ల. కుంకుడుకాయ పిసికితే నురగ వచ్చేది కూడా సాపోనిన్ల వల్లే. ప్యాకెట్ మీద "కడిగినవి" అని ఉన్నా నేను నమ్మను. నురగ ఆగేదాకా మూడు నాలుగు నీళ్లు మార్చి కడగండి. బియ్యం వంచినట్టు వంచితే సగం గింజలు సింకులోకి పోతాయి, సన్నటి టీ జల్లెడ వాడండి.

మర్నాడు ఆఫీసులో ఒకావిడకి ఈ సంగతి చెప్పాను. ఆవిడది పెరూలో పూనో, టిటికాకా సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. 3,800 మీటర్ల ఎత్తు, గడ్డకట్టే చలి. కినోవా వేల ఏళ్లుగా అక్కడివాళ్ల తిండి. "పొడిగా ఎందుకు వండావు? మా అమ్మ బాగా ఉడికించి, పాలూ చీజూ వేసి ఎనిపి, వేడివేడిగా గిన్నెలో పెట్టేది" అంది. దాన్ని పెస్కే అంటారట. ఆ మాట వింటుంటేనే నాకు మన కట్టుపొంగలి కళ్లముందు మెదిలింది.

సాయంత్రం గ్లాసు కినోవా, ముప్పావు గ్లాసు దోరగా వేయించిన పెసరపప్పు, ఐదు గ్లాసుల నీళ్లు, అల్లం, ఉప్పు, చిటికెడు పసుపు వేసి కుక్కర్లో నాలుగు విజిల్స్ రానిచ్చాను. మూత తీశాక గరిట వెనకవైపుతో బాగా ఎనిపాను. అసలు రుచంతా పోపులోనే ఉంది. నెయ్యిలో కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, జీలకర్ర, ఇంగువ, కరివేపాకు వేగి, ఆ వాసన హాల్లోకి వెళ్లేసరికి మామయ్యగారే లేచి వంటింట్లోకి వచ్చారు. నిలబడే ఒక చెంచా రుచి చూశారు. తర్వాత కూర్చుని, ఆవకాయ నంజుకుంటూ గిన్నె ఖాళీ చేసి, "ఇంకో గరిటెడు వెయ్యమ్మా" అన్నారు. ఆయన వచ్చిన పది రోజుల్లో మారు అడగడం అదే మొదటిసారి.

రెండు గంటల తర్వాత షుగరు చూస్తే 164. అన్నం తిన్న రోజుల్లో 220 దాటేది. నాకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఉడికిన తెల్లన్నం 100 గ్రాముల్లో పిండిపదార్థం 28 గ్రాముల దాకా ఉంటే, ఉడికిన కినోవాలో 21. పైగా ఇందులో పీచుంది, పక్కన పెసరపప్పుంది. అలాగని రెండు గిన్నెలు పెడితే షుగరు పెరిగి తీరుతుంది.

ఇంకొక మాట. దయచేసి పెద్దవాళ్లకి దీన్ని కీరా ముక్కలూ నిమ్మరసం కలిపిన చల్లటి సలాడ్‌లా పెట్టకండి. వీడియోల్లో అందరూ అదే చూపిస్తున్నారు. చలికాలం రాత్రి, ఇల్లు వదిలి వచ్చిన మనిషికి పొగలు కక్కే తిండి కావాలి. బిర్యానీ కూడా వద్దు, మసాలా గింజకి పట్టదు.

మీరు ఊళ్లోనే ఉంటే కినోవాకి అంత డబ్బు పోయడం దేనికి? కొర్రలు గంటసేపు నానబెట్టి ఇదే కొలతతో వండండి. మామయ్యగారు ఇప్పుడు తెనాలిలో వంటావిడకి దగ్గరుండి చెప్పి, కొర్రలతోనే చేయించుకుంటున్నారు. మిరియాలు మాత్రం ఆయనే దంచుతారు.