ఇల్లు కొనే ముందు వదిలి వెళ్లే లెక్క

పిల్లలకు ఆశీస్సులు.

ఈ మధ్య ముగ్గురూ ఒకటే ప్రశ్న పట్టుకున్నారు. పెద్దవాడు అమెరికా నుంచి, అమ్మాయి సింగపూర్ నుంచి, చిన్నవాడు సిడ్నీ నుంచి. "ఇల్లు కొనేయమంటావా పెద్దమ్మా, అద్దెలోనే ఉండమంటావా?" అని. ఎవరికి వాళ్లకు ఫోన్లో చెబితే సగం మర్చిపోతారు. మిగతా సగం ఒకరికొకరు తప్పుగా చెప్పుకుంటారు. అందుకే అందరికీ కలిపి ఒకటే ఉత్తరం. నా ఉద్యోగం సంగతి మీకు తెలుసుగా. బదిలీల మీద దేశాలు మారే స్టాఫ్‌కి ఇళ్లు చూడటం, వాళ్లు వెళ్లిపోయేటప్పుడు ఆ ఇళ్లు వదిలించడం. రెండో పని గురించి ముందుగా అడిగినవాళ్లు చాలా తక్కువ.

పెద్దవాడు పంపిన ఎక్సెల్ షీటు చూశాను. ఒక కాలమ్‌లో అద్దె, పక్కనే ఈఎంఐ. రెండూ ఇంచుమించు సమానం కాబట్టి కొనడమే మేలని కింద పచ్చరంగు కూడా పూశాడు. షీటు ముచ్చటగానే ఉంది. అందులో లేనిది ఒక్కటే వరుస. ఈ దేశం వదిలి వెళ్లాల్సి వస్తే ఈ ఇంటి వల్ల నాకెంత పోతుంది? అక్కడే పుట్టి పెరిగినవాడు ఆ వరుస రాయకపోయినా నడుస్తుంది. వీసా మీద ఉన్నవాడు మొదట రాయాల్సింది అదే.

ముందు కాగితాల సంగతి. పెద్దవాడా, హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆలోపు ఇంకో కంపెనీ చేత పిటిషన్ వేయించుకోవాలి, లేదా వేరే స్టేటస్‌కి మారాలి, లేదా బయల్దేరాలి. ఇల్లు అమ్మకానికి పెట్టి, కొనేవాడు దొరికి, వాడి లోన్ మంజూరై, సంతకాలయ్యేసరికి 60 రోజులు చాలకపోవచ్చు. వీసా పోయినంత మాత్రాన ఇల్లు ఎవరూ లాక్కోరు, ఆ భయం వద్దు. కానీ ఈఎంఐ ఆగదు, ప్రాపర్టీ ట్యాక్స్ ఆగదు, జీతం మాత్రం ఆగిపోతుంది. పైగా ఉద్యోగాలు ఊడే రోజుల్లోనే ఇళ్ల ధరలూ పడొచ్చు. 2008-09లో దుబాయ్‌లో జరిగింది అదే. ఉద్యోగంతో పాటు వీసా పోయింది, అదే సమయంలో ఇంటి ధరా పడిపోయింది.

అసలు కొననిస్తారా అన్నది ఇంకో ప్రశ్న. ఇది దేశానికో రకం. అమ్మాయీ, నీ దగ్గర లెక్క ఒక్క వాక్యంలో తేలిపోతుంది. 2023 ఏప్రిల్ 27 నుంచి సింగపూర్‌లో విదేశీయులు ఇల్లు కొంటే ధర మీద 60 శాతం అదనపు స్టాంప్ డ్యూటీ కట్టాలి. మామూలు స్టాంప్ డ్యూటీ దానికి వేరు. అమెరికా పౌరులకు, ఇంకో నాలుగు చిన్న దేశాలవాళ్లకు ఒప్పందాల వల్ల మినహాయింపు ఉంది, నువ్వు ఆ జాబితాలో లేవు. ప్రభుత్వం కట్టించే హెచ్‌డీబీ ఫ్లాట్లు విదేశీయులకు అమ్మరు. పీఆర్, అంటే శాశ్వత నివాస అనుమతి, వస్తే మొదటి ఇంటికి ఆ 60 కాస్తా 5 శాతమవుతుంది. కాబట్టి పీఆర్ రాకముందు ఈ మాటే ఎత్తొద్దు. వచ్చాక కొన్నా తొందరపడి అమ్మకు. 2025 జులై 4న గానీ ఆ తర్వాత గానీ కొన్న ఇంటిని మొదటి ఏడాదిలో అమ్మితే 16 శాతం, ఆ తర్వాత ఏడాదికింత తగ్గుతూ నాలుగేళ్ల వరకు అమ్మినవాళ్లే డ్యూటీ కట్టాలి.

చిన్నవాడా, ఆస్ట్రేలియాలో 2025 ఏప్రిల్ 1 నుంచి తాత్కాలిక వీసా వాళ్లు పాత ఇళ్లు కొనడం ఆపేశారు. ముందు రెండేళ్లకని పెట్టారు. కొత్తగా కట్టే ఇల్లయితే అనుమతి తీసుకుని కొనుక్కోవచ్చు. కానీ సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో విదేశీ కొనుగోలుదారుల మీద అదనపు డ్యూటీ 2025 జనవరి నుంచి 9 శాతం. పీఆర్ దరఖాస్తు నడుస్తోందన్నావు కదా, ఆ 9 శాతం మిగుల్చుకోవడానికి కాస్త ఓపిక పట్టడంలో తప్పేముంది?

కెనడాలో ఉన్న మీ ఫ్రెండుకి కూడా చెప్పండి. 2023 నుంచి అక్కడా విదేశీయులు ఇళ్లు కొనడం మీద నిషేధముంది, అయితే వర్క్ పర్మిట్‌లో కనీసం 183 రోజులు మిగిలి ఉన్నవాళ్లు ఒక ఇల్లు కొనుక్కోవచ్చు. థాయ్‌లాండ్‌లో నేల విదేశీయుల పేరు మీదకి రాదు, కాండో, అంటే ఫ్లాట్ల బిల్డింగులో మొత్తం విస్తీర్ణంలో 49 శాతం దాకానే విదేశీయులవి కావచ్చు. నేను చెప్పొచ్చేదేంటంటే, ఇల్లు చూడటానికి వెళ్లే ముందు లాయర్ దగ్గరికి వెళ్లండి. ఏజెంటు నోటి మాట చాలదు. అతనికి కమీషన్ వచ్చేది మీరు కొంటేనే.

ఇప్పుడు లెక్క. నిదానంగా చదవండి, ఇక్కడే అందరూ తడబడతారు. ఏ దేశం కరెన్సీ అయినా ఒకటే, ఇంటి ధర 100 అనుకుందాం. చేతి నుంచి 20, లోన్ 80, వడ్డీ 6 శాతం. ఏడాదికి వడ్డీ 4.8. చేతి నుంచి పెట్టిన 20 ఎక్కడైనా డిపాజిట్లో ఉంటే నాలుగు శాతం చొప్పున 0.8 వచ్చేది, అది రాదు. పన్ను, ఇన్సూరెన్స్, మెయింటెనెన్స్, రిపేర్లు కలిపి 2 వేద్దాం. మొత్తం 7.6. ఇదంతా పోయే డబ్బే, తిరిగి రాదు. దీనికి తోడు కొన్నప్పుడు డ్యూటీ, లాయరు, బ్యాంకు ఫీజులు, అమ్మినప్పుడు ఏజెంటు, మళ్లీ లాయరు. రెండు వైపులా కలిపి 10 అనుకోండి. మూడేళ్లకే అమ్మి వెళ్లిపోతే ఆ పది ఏడాదికి 3.3 చొప్పున పడుతుంది. పదేళ్లుంటే ఏడాదికి 1.

అంటే మూడేళ్ల ఇంటికి ఏడాది ఖర్చు 10.9, పదేళ్ల ఇంటికి 8.6. అలాంటి ఇల్లే ఏడాదికి 5 అద్దెకు దొరుకుతోందనుకుందాం. మూడేళ్లుండి వెళ్లేవాడికి నష్టం రాకూడదంటే ఇంటి ధర ఏటా దాదాపు 6 శాతం పెరగాలి. పదేళ్లుండేవాడికి మూడున్నర పెరిగితే చాలు, ఈలోగా అద్దె పెరుగుతుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువే చాలు. ఇల్లు అదే, ధర అదే, మారింది ఉండే కాలం ఒక్కటే. మీ ఊళ్లో అంకెలు వేరుగా ఉంటాయి, వాటిని పెట్టి మళ్లీ వేసుకోండి. సింగపూర్‌లో ఆ 10 స్థానంలో 60కి పైగా వస్తుంది, ఇక అమ్మాయి కాలిక్యులేటర్ తీయక్కర్లేదు.

ఇంకో మాట. "అద్దె కడితే బూడిదలో పోసిన పన్నీరు, ఈఎంఐ కడితే మన ఆస్తి" అని అందరూ అంటారు. 6 శాతం వడ్డీకి 30 ఏళ్ల లోన్ తీసుకుంటే, ఐదేళ్లు క్రమం తప్పకుండా కట్టాక కూడా తీసుకున్న ప్రతి 100లో 93 బాకీ ఉంటుంది. ఆ ఐదేళ్లలో కట్టినది దాదాపు 36, అందులో అసలుకు జమైంది 7. మిగతా 29 బ్యాంకుకి కట్టిన అద్దే అనుకోండి. బ్యాంకు మాత్రం గీజరు పాడైతే బాగుచేయించదు.

ఇక వెళ్లిపోయాక అమ్మడం. దీని గురించి చాలామందికి టికెట్ బుక్ చేశాక గానీ తెలియదు. పెద్దవాడా, దేశం వదిలి పన్ను లెక్కల్లో నాన్‌రెసిడెంట్ అయ్యాక అమెరికాలో ఇల్లు అమ్మితే, కొన్నవాడు మామూలుగా అమ్మకం ధరలో 15 శాతం పట్టుకుని అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కి కట్టాలి. లాభంలో కాదు, ధరలో. 100కి అమ్మావు, బాకీ 88, ఏజెంటు ఖర్చులు 6 పోతే చేతికి 6 మిగలాలి. 15 పట్టుకుంటే? సంతకాల రోజున ఎదురు 9 తెచ్చి పెట్టాలి. ఆ డబ్బు తర్వాత రిటర్న్ వేసి తెచ్చుకోవచ్చు, తక్కువ పట్టుకోమని ముందే దరఖాస్తు చేసుకోవచ్చు, కొన్నవాళ్లు తాము ఉండటానికే కొంటే ధరను బట్టి రేటు తగ్గుతుంది కూడా. కానీ ఉద్యోగం పోయి, సామాను సర్దుకునే టెన్షన్‌లో ఈ పనులన్నీ ఎవరు చూస్తారు? అదే ఇల్లు రెసిడెంట్‌గా ఉండగానే అమ్మితే ఈ తంటా లేదు. గత ఐదేళ్లలో రెండేళ్లు అది సొంత ఇల్లుగా ఉండి, నువ్వు అందులోనే కాపురముంటే, భార్యాభర్తలు కలిసి రిటర్న్ వేసినప్పుడు 5 లక్షల డాలర్ల దాకా లాభం మీద పన్ను లేదు.

ఆస్ట్రేలియాలో ఇంకా కఠినం. అమ్మకం ఒప్పందం మీద సంతకం పెట్టే రోజున నువ్వు పన్ను పరంగా విదేశీ నివాసివైతే, ఆ ఇంట్లో ఎన్నేళ్లు కాపురమున్నా సొంతింటి లాభం మీద పన్ను మినహాయింపు మొత్తం పోతుంది. 2020 జులై నుంచి ఇదే రూలు, మినహాయింపులు చాలా కొద్ది. విదేశీ నివాసి అమ్మితే ధరలో 15 శాతం ముందే పట్టుకోవడం అక్కడా ఉంది. అంటే విమానం ఎక్కక ముందు అమ్మడానికీ, ఎక్కాక అమ్మడానికీ అంత తేడా.

"అమ్మకుండా అద్దెకిచ్చి వెళ్తాం" అంటారు మీరు, నాకు తెలుసు. ఇవ్వండి. అయితే అద్దె ఆదాయం మీద ఆ దేశంలో రిటర్న్ వేయాలి, ఇల్లు చూసుకునేవాళ్లకు అద్దెలో వాటా ఇవ్వాలి, రెండు నెలలు ఖాళీగా ఉన్నా ఈఎంఐ కట్టగలగాలి. అర్ధరాత్రి పైపు పగిలిందని ఫోన్ వస్తే మీకు అక్కడ పట్టపగలై ఉంటుంది, సరిగ్గా మీటింగులో ఉంటారు. వేల మైళ్ల దూరం నుంచి ఓనరుగా ఉండటం కొందరికి బాగానే కుదురుతుంది. మీలో చిన్నవాడికి కుదరదు, వాడి సంగతి నాకు తెలుసు.

లోన్ ఎప్పుడూ జీతం వచ్చే కరెన్సీలోనే తీసుకోండి. వడ్డీ తక్కువని పోలండ్‌లో లక్షల మంది స్విస్ ఫ్రాంకుల్లో ఇంటి లోన్లు తీసుకున్నారు, జీతాలేమో జ్లోటీల్లో. 2015 జనవరి 15న స్విస్ సెంట్రల్ బ్యాంకు తన కరెన్సీ విలువ మరీ పెరగకుండా పెట్టుకున్న కట్టడి ఎత్తేసింది. ఒక్క రోజులో ఫ్రాంకు ఎగిరి కూర్చుంది, బాకీలూ పెరిగిపోయాయి. వాళ్లు దేశం దాటినవాళ్లు కూడా కాదు. డౌన్ పేమెంట్ కోసం వేరే దేశంలో అప్పు చేద్దామనుకున్నా ఇదే మాట వర్తిస్తుంది.

ఇదంతా చదివి పెద్దమ్మ కొనొద్దంటోందని అనుకోకండి. పీఆర్ చేతికొచ్చి, పిల్లలు బడిలో కుదురుకుని, ఆ ఊళ్లో ఒక ఏడాదైనా అద్దెకుండి ఏ వీధి రాత్రిళ్లు ఎలా ఉంటుందో తెలిసి, ఇంటి మీద పెట్టిన డబ్బు కాకుండా ఆర్నెల్ల ఖర్చులు విడిగా దాచుకున్నవాళ్లు కొనుక్కోవాలి. వాళ్లు ధరలు తగ్గుతాయని ఎదురు చూస్తూ కూర్చోవడం కూడా తెలివి కాదు. ఓనరు ఖాళీ చేయమన్నప్పుడల్లా పిల్లల బడి మార్చడం చిన్న కష్టమేమీ కాదు. అది షీటులో అంకెగా రాదు గానీ ఖర్చే. అద్దెకున్నవాళ్లంటే చిన్నచూపు ఉందని మాత్రం కొనకండి. జర్మనీలో, స్విట్జర్లాండ్‌లో సగానికి పైగా జనం అద్దె ఇళ్లలోనే ఉంటారు, వాళ్లకేం లోటు లేదు.

అద్దెకుండేవాళ్లు అద్దె ఒప్పందాన్ని కొనుగోలు దస్తావేజంత శ్రద్ధగా చదవాలి. మధ్యలో ఖాళీ చేసే క్లాజు ఉందా అన్నది ముందు చూడండి. సింగపూర్‌లో రెండేళ్ల లీజుల్లో డిప్లొమాటిక్ క్లాజు అని పెడతారు. ఉద్యోగం పోయినా, వేరే దేశానికి బదిలీ అయినా సాధారణంగా 12 నెలల తర్వాత రెండు నెలల నోటీసుతో బయటపడొచ్చు. అది లేని లీజు మీద సంతకం పెట్టొద్దు, అద్దె కొంచెం తగ్గిస్తానన్నా సరే. డిపాజిట్‌కి పరిమితి ఉందేమో కనుక్కోండి. జర్మనీలో మూడు నెలల అద్దెకు మించి అడగకూడదు, ఇంగ్లండ్‌లో చాలా ఇళ్లకు ఐదు వారాల అద్దెకు మించకూడదు, పైగా 30 రోజుల్లోపు ఓనరు దాన్ని ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కీములో పెట్టాలి. ఇంట్లో దిగిన రోజున గోడల మీద మరకలు, బాత్రూం టైల్స్, స్టవ్, అన్నీ ఫోటోలు తీసి ఆ రోజే ఓనరుకి మెయిల్ చేయండి. ఫోన్లో ఉంచుకుంటే చాలదు, తేదీతో అవతలివాళ్లకి చేరి ఉండాలి. ఏమేం ఇస్తున్నారో కూడా అడగండి. జర్మనీలో చాలా అద్దె ఇళ్లకు వంటగదిలో సింకు, అల్మరాలు కూడా ఉండవు, ముందున్నవాళ్లు ఊడదీసుకుని పోతారు. మా స్టాఫ్‌లో కొత్తగా వెళ్లినవాళ్లు ఆ ఖాళీ గది చూసి తప్పుడు అడ్రసు ఇచ్చామేమోనని ఫోన్ చేసేవారు.

సరే, ఇక పనులు. పెద్దవాడా, ఆ షీటులో నేను చెప్పిన వరుస కలిపి, మూడేళ్లకొకటి, ఏడేళ్లకొకటి లెక్క వేసి మళ్లీ పంపు. పచ్చరంగు ఇప్పుడే పూయకు. చిన్నవాడా, పీఆర్ సంగతి తేలేదాకా ఓపెన్ హౌస్‌లకు వెళ్లడం మానెయ్. చూస్తే మనసు పడతావు. అమ్మాయీ, లీజు రెన్యువల్‌కి వస్తోందన్నావు కదా, ఓనరుతో మాట్లాడే ముందు ఆ క్లాజు ఉన్న పేజీ ఫోటో తీసి నాకు పంపు. నేను చూసి ఏం మార్చమనాలో చెబుతాను.

ప్రేమతో,
మీ పెద్దమ్మ