సీసాల మీద చీటీలు: మేనకోడలికి ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగ్ మధ్యలోనే వదిలి, హాస్టల్ ఖాళీ చేసి ఇంటికి వచ్చేశావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "నాకేం కావాలో నాకే తెలియడం లేదు, ఒక సంవత్సరం పాటు నాలుగు రకాల పనులను దగ్గర నుంచి చూసి, అప్పుడు నిర్ణయించుకుంటాను" అన్నావట. అక్క గొంతు వణికింది. నాకూ చాలాసేపు నిద్ర పట్టలేదు. తెలియనిదాన్ని తెలియదని అమ్మానాన్నల ముందు నిలబడి చెప్పే ధైర్యం మన ఇంట్లో ఇంతకుముందు ఎవరికీ లేదు, నాకు అసలే లేదు. అందుకు నిన్ను చూస్తే గర్వంగా ఉంది. కానీ కోచింగ్ మానేసేముందు అక్కడి సార్లతో గానీ, తోటివాళ్లతో గానీ ఒక్క మాటైనా మాట్లాడిందా అని మీ అమ్మను అడిగితే లేదంది. నా భయమంతా అక్కడే మొదలైంది, బిడ్డా.

చిన్న విషయాలు ముందే చెప్పేస్తాను. మార్కుల మెమోలన్నీ ఒక ఫైలులో పెట్టుకో. కుల, ఆదాయ ధ్రువపత్రాలు మీ సేవలో తీసుకో. ఎడ్‌సెట్ రాసి ఉంచు, రాసినంత మాత్రాన బీఈడీలో చేరాలని లేదు. ఉద్యోగం ఇప్పిస్తామని డిపాజిట్ అడిగేవాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకు. మీ నాన్నతో వాదించకు. ఏ తేదీ వరకు గడువు కావాలో కాగితం మీద రాసి ఆయన చేతికివ్వు, తేదీ కనబడితే ఆయన మనసు కుదుటపడుతుంది.

ఇప్పుడు ఇంతవరకు మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పని సంగతి ఒకటి రాస్తున్నాను.

1984లో నాగార్జున ప్రభుత్వ కళాశాలలో నా బీఎస్సీ పూర్తయింది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు బావుల నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన మనుషులను చూస్తూ పెరిగినవాణ్ణి. పటిక, సున్నం కలిపి నీళ్లలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిందని, దానికి 'నల్లగొండ టెక్నిక్' అని మన ఊరి పేరే వచ్చిందని తెలిసిన రోజు, చేస్తే నీళ్ల పనే చేయాలనుకున్నాను. ఆ వెంటనే ఒక నీటి పరీక్షా కేంద్రంలో తాత్కాలిక ఉద్యోగం దొరికింది. అక్కడ రోజూ ఏం చేస్తారో ఎవరినీ అడగకుండా, ఒక్కసారైనా వెళ్లి చూడకుండా చేరిపోయాను.

మూడు నెలలు నేను చేసిందల్లా ప్లాస్టిక్ సీసాలు కడగడం, వాటి మీద చీటీలు అంటించడం. ఊరి పేరు, బావి ఎవరిది, నీళ్లు తోడిన తేదీ, చేతి రాత ముద్దగా ఉంటే మళ్లీ రాయడం. జిర్కోనియం, అలిజారిన్ కలిసిన ద్రావణం పోస్తే ఫ్లోరైడు ఎక్కువున్న నీళ్లలో ఆ ఎరుపు వెలిసి పసుపుకు తిరగడాన్ని మా సీనియర్ ఒకే ఒక్కసారి చూపించారు. ఆ రంగు చూసినప్పటి నుంచి చీటీల మీద విసుగు మరింత పెరిగింది. డిగ్రీ చదివింది సీసాలు కడగడానికా అనుకుని, నాలుగో నెలలో ఒక సోమవారం ఎవరితోనూ చెప్పకుండా వెళ్లడం మానేశాను.

ఆరు నెలల తరువాత ఆ సీనియర్ నల్లగొండ బస్టాండులో కనిపించారు. కోప్పడలేదు. "తరువాతి వారమే నిన్ను మర్రిగూడ వైపు బావుల దగ్గరికి తీసుకుపోదామనుకున్నాను" అన్నారు. "చీటీ తప్పు రాస్తే మంచి బావిని మూసి చెడ్డ బావి నీళ్లు తాగిస్తాం. అందుకే మూడు నెలలు ఎవరు శ్రద్ధగా రాస్తారో చూసి, వాళ్లనే వెంట తీసుకుపోతాను. నువ్వు బాగా రాసేవాడివి." నేను ఎక్కవలసిన బస్సు వెళ్లిపోయింది, ఆయన చేతిలోని సంచీ వైపు చూస్తూ అలాగే నిలబడ్డాను. నేను కోరుకున్న పని ఒక్క వారం దూరంలో ఉండగా, ఒక్క ప్రశ్న అడగకపోవడం వల్ల పోగొట్టుకున్నాను.

1988 నుంచి 2020 వరకు పిల్లలకు సైన్సు చెప్పాను, మనసు పెట్టే చెప్పాను, ఆ జీవితం మీద నాకు అసంతృప్తి లేదు. అయినా ఫ్లోరైడు నీళ్ల వల్ల పళ్ల మీద గోధుమరంగు చారలు పడిన పిల్లవాడు మొదటి బెంచీలో కూర్చున్నప్పుడల్లా ఆ సీసాలు గుర్తుకు వచ్చేవి.

అందుకే అడుగుతున్నాను, కోచింగులో నీకు విసుగు పుట్టించింది ఏది? ఆ ఉద్యోగమే ఇష్టం లేదా, లేక రోజుకు పది గంటలు బట్టీ పట్టడం ఇష్టం లేదా? మండల ఆఫీసులో పనిచేసే వాళ్లను ఎప్పుడైనా దగ్గర నుంచి చూశావా? పదో తరగతిలో లెక్కల ట్యూషన్ కూడా ఇలాగే మాట్లాడకుండా మానేశావు, అప్పుడు నేను తిట్టాను, ఇప్పుడూ ఆ తిట్టు బాకీ ఉంది. ఏ పనినైనా చూడడానికి వెళ్లినప్పుడు, దాన్ని పదేళ్లుగా చేస్తున్న మనిషిని మధ్యాహ్నం భోజనాల తరువాత, అలసిపోయి ఉన్నప్పుడు కలిసి మాట్లాడు. నిన్నటి రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారో గంట గంటకూ చెప్పమను. అందులో విసుగు పుట్టించే పని ఏది, అది లేకపోతే ఏం చెడిపోతుంది అని కూడా అడుగు. ఆ జవాబు విన్నాక కూడా ఆ విసుగును భరించాలని నీకనిపిస్తే ఆ పని పేరు నోట్‌బుక్కులో ఉంచు, లేకపోతే కొట్టెయ్. మానుకోవాలని నిర్ణయించుకుంటే మానుకో, కానీ మానుకునే ముందు రోజు నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా సరే.

నా దగ్గర చదువుకున్న పిల్లవాడొకడు చౌటుప్పల్ వైపు ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేస్తున్నాడు, అతనితో మాట్లాడి ఉంచాను. కంపసాగర్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో కూడా అడిగి చూద్దాం. ఆదివారం పొద్దున మొదటి బస్సుకు రా, నోట్‌బుక్కు తెచ్చుకో. పెరట్లో బత్తాయిలు పండాయి, అత్తయ్య నీకోసం కోయకుండా చెట్టుకే ఉంచింది.

మీ మామయ్య