జైలు నుంచి వచ్చిన మావారు కవిత్వం, కుర్రాళ్లు తప్ప మరో మాట ఎత్తడం లేదు

ప్రశ్న: మాది హనుమకొండ దగ్గర ఒక పల్లె. పొలం గట్టు తగాదాలో మావారు కొట్టిన దెబ్బకు ఒక మనిషి చనిపోయాడు. ఏడేళ్ల శిక్ష పడింది. మొదట వరంగల్ జైలులో ఉన్నారు, 2021లో దాన్ని ఖాళీ చేయించినప్పుడు చర్లపల్లికి మార్చారు. అక్కడ కవితలు రాయడం అలవాటైంది. చదువు రానివాళ్లకు అక్షరాలు నేర్పారు, ఉత్తరాలూ దరఖాస్తులూ రాసిపెట్టారు. బయటికి వచ్చి ఏడాది కావస్తోంది. రాత్రిళ్లు రాస్తూ కూర్చుంటారు, ఆదివారం వస్తే విడుదలైన కుర్రాళ్ల ఇళ్లకు వెళతారు. ఇంట్లో మాత్రం చుట్టంలా ఉంటారు, అన్నం కూడా అడిగి పెట్టించుకోరు. నిలకడైన పని లేదు. ఇప్పుడు సొంత పేరుతో పుస్తకం వేస్తానంటున్నారు. ఇంటర్ చదివే మా అమ్మాయికి సంబంధాలు రావని మా అత్తగారు బాధపడుతున్నారు. ఇవన్నీ మాన్పించాలా?

జవాబు: మాన్పించవద్దమ్మా. మీ అత్తగారి భయం నిజమైనదే, మీ అలసట అంతకంటే నిజమైనది. అయినా ఏడేళ్లపాటు ఆయనను మనిషిగా నిలబెట్టిన పనిని ఇప్పుడు చేతుల్లోంచి లాగేస్తే ఆయన ఇంటికి దగ్గరవుతారని నేను అనుకోవడం లేదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట, ఆయన అన్నం కూడా అడగరన్నది. బ్యారక్‌లో ఎవరికి బెయిల్ దరఖాస్తు కావాలన్నా, ములాఖత్‌కు వచ్చే భార్యకు ఏం చెప్పాలో తెలియక ఎవరు తల్లడిల్లినా ఆయన దగ్గరికే వచ్చి ఉంటారు. అక్కడ ఆయన అవసరమైన మనిషి. ఇంట్లోనో, రేషన్ నుంచి అమ్మాయి కాలేజీ ఫీజు వరకు అన్నీ మీరే చూసుకోవడం నేర్చుకున్నారు, నేర్చుకోక తప్పలేదు. తాను లేకుండానే నడుస్తున్న ఇంట్లో ఎక్కడ చేయి పెట్టాలో ఆయనకు తోచడం లేదు. అందుకే తన అవసరం ఉన్న చోటికి, ఆ కుర్రాళ్ల దగ్గరికి వెళుతున్నారు. ఇంట్లో ఒకటి రెండు బాధ్యతలు పూర్తిగా ఆయనకు అప్పగించండి. కరెంటు బిల్లు కావచ్చు, మీ అత్తగారి మందులు కావచ్చు. ఆలస్యమైనా మీరు అందుకోవద్దు.

జైలులో కవిత్వం అనగానే మనవాళ్లకు దాశరథి కృష్ణమాచార్యులు గుర్తుకొస్తారు. నిజామాబాద్ జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు, వట్టికోట ఆళ్వారుస్వామి ఆయనకు తోటి ఖైదీ. అయితే వారు రాచరికాన్ని ఎదిరించి జైలుకు వెళ్లి గౌరవంతో తిరిగొచ్చినవారు. మీవారి వెనుక ఒక ప్రాణం పోయిన బరువుంది. ఆయనకు దగ్గరి ఉదాహరణ అమెరికాలో ఉంది. రెజినాల్డ్ డ్వేన్ బెట్స్ పదహారేళ్ల వయసులో తుపాకీతో బెదిరించి కారు లాక్కున్న కేసులో వర్జీనియా జైళ్లలో ఎనిమిదేళ్లకు పైగా గడిపారు. ఏకాంత గదిలో ఉండగా ఎవరో తలుపు కిందినుంచి తోసిన నల్లజాతి కవుల సంకలనం ఆయనను కవిని చేసింది. విడుదలయ్యాక మొదట ఒక పుస్తకాల దుకాణంలో ఉద్యోగం చేశారు. చుట్టుపక్కల అబ్బాయిలను కూర్చోబెట్టి చదివించే బృందాన్ని అక్కడే మొదలుపెట్టారు. తర్వాత యేల్‌లో న్యాయశాస్త్రం చదివి పరీక్ష నెగ్గినా, పాత శిక్ష కారణంగా 2017లో న్యాయవాదిగా ఆయన నమోదును కొంతకాలం ఆపారు, ఆ తర్వాతే అనుమతించారు. ఇప్పుడాయన జైలు బ్యారకుల్లోనే గ్రంథాలయాలు పెట్టిస్తున్నారు. ఆయన కథలో మీరు చూడవలసింది జీతం ముందు వచ్చిందన్న సంగతి, నేరాన్ని ఆయన ఎక్కడా దాచలేదన్న సంగతి.

కాబట్టి సంపాదన మాట గట్టిగానే అడగండి. తెలంగాణ జైళ్ల శాఖ నడిపే పెట్రోలు బంకుల్లో విడుదలైనవారికి పని ఇస్తున్నారు. ఆ అవకాశం ఉందేమో జైలు అధికారులను కలిసి కనుక్కోమనండి. కుర్రాళ్ల కోసం ఆయన చేసే పనికి కూడా ఒక చట్రం ఉండాలి. కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గరకు వెళ్లి తన శిక్ష సంగతి ముందే చెప్పి, ఏ రూపంలో సాయపడవచ్చో అడగాలి. నిర్బంధంలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 1987 నాటి చట్టం ప్రకారం ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఈ సంగతి తెలియక ఫీజుల కోసం ఎకరం అరెకరం అమ్ముకున్న కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇంటి గడపలో కూర్చుని ఈ ఒక్క మాట చెప్పడానికి మీవారికంటే తగినవారు దొరకరు. ఆ కుర్రాళ్లలో ఎవరైనా మళ్లీ తాగుడుకో గొడవలకో దిగితే మాత్రం అర్ధరాత్రి ఒంటరిగా వెళ్లకూడదని ఇప్పుడే మాట తీసుకోండి.

పుస్తకం విషయంలో తొందర వద్దంటాను. చనిపోయిన మనిషికీ భార్యాపిల్లలు ఉండి ఉంటారు, వారు మీ చుట్టుపక్కల ఊళ్లలోనే బతుకుతూ ఉండవచ్చు. ఆ రోజు గురించి రాసిన కవిత ఆయనకు ఊరట కావచ్చు, అదే కవిత అచ్చులో కనబడితే వారికి పుండు మళ్లీ రేగినట్టవుతుంది. ఆ మనిషినిగానీ ఆ ఇంటినిగానీ గుర్తుపట్టేలా ఉన్న కవితలను పక్కన పెట్టమనండి. తన తప్పు గురించి తాను రాసుకున్నవి, జైలు రాత్రుల గురించీ తోటివారి గురించీ రాసినవి (వారి పేర్లు తీసేసి) వేసుకోవచ్చు.

మీ అమ్మాయిని ఎవరైనా అడిగారా? తండ్రి వెళ్లేనాటికి చిన్నపిల్ల, ఇప్పుడు అన్నీ తెలిసే వయసు. తండ్రి పేరు పుస్తకం మీద కనిపించడం తనకు సమ్మతమో కాదో మీ అత్తగారూ మీరూ తేల్చేది కాదు, ఆమె నోటితో చెప్పాలి. ఆ కవితల్లో రెండు మూడు ఆయన చేతే ఆమెకు చదివించండి, అవును కాదు అన్నది ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు. పెళ్లి సంబంధాల సంగతికొస్తే, ఊరందరికీ తెలిసిన విషయాన్ని దాచి చేసే పెళ్లి కంటే, ముందే తెలిసి వచ్చే సంబంధం ఆ పిల్లకు భద్రమని నా అభిప్రాయం. చదువు పూర్తయ్యేదాకా ఆ ప్రస్తావనే వద్దని మీ అత్తగారికి నచ్చజెప్పండి.

ఇక మీ గురించి. ఆ ఏడేళ్లూ మీరెలా నెట్టుకొచ్చారో ఆయన ఎప్పుడైనా అడిగారా, మీరెప్పుడైనా చెప్పారా? ఆయన మీద మీకున్న కోపం ఉత్తరం నిండా కనబడుతోంది, అది న్యాయమైనదే. కుర్రాళ్ల గోడు వినడానికి ఆదివారం ఇవ్వగలిగిన మనిషి మీ గోడు వినడానికి ఒక సాయంత్రం ఇవ్వాలి. ఆ మాట ఆయనతో ఈ వారంలోనే అనండి.