నీట్ పోయి బీజెడ్‌సీలో చేరితే...

(ఈ వారం పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తున్నది ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో బోటనీ చెప్పి రిటైరైన లెక్చరర్.)

ప్రశ్న: మేడం, మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. టెన్త్ దాకా తెలుగు మీడియం. ఇంటర్ బైపీసీ చేసి నీట్ రెండుసార్లు రాశాను, సీటు రాలేదు. దోస్త్ ఆన్‌లైన్ అడ్మిషన్లలో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) వస్తే మహిళా డిగ్రీ కాలేజీలో చేరాను. చుట్టాలింటికి పోతే "డాక్టరమ్మ అవుతావనుకుంటే డిగ్రీలో పడ్డావా" అంటున్నారు. నాన్నేమో డిగ్రీ చదువుతూనే మళ్ళీ నీట్ రాయమంటాడు. క్లాసులో ఇంగ్లీషు పాఠం సగం అర్థం కాదు. రెండూ చదవలేక టెన్షన్‌గా ఉంది. అసలు ఈ డిగ్రీతో ఏమన్నా అవుతుందా?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ముందు మీ నాన్న మాట తేల్చుకుందామమ్మా. నీట్‌కి పై వయసు పరిమితి తీసేశారు, ఎన్నేళ్ళైనా రాయొచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. నువ్వు రాసిన రెండు సార్ల మార్కులు ముందేసుకుని చూడు. 720లో 360 బయాలజీవే కదా, ఆ సగంలో నీకెంత వచ్చింది? బయాలజీలో బాగానే వచ్చి ఫిజిక్స్‌లో ఆగిపోయి ఉంటే, బీజెడ్‌సీలో ఫిజిక్సే లేదు, ఈ డిగ్రీ చదువు ఆ లోటు తీర్చదు. విడిగా కోచింగ్ కావాలి, దానికి వేరే టైం కావాలి. అది కుదురుతుందంటే ఈ మొదటి ఏడాదిలోనే ఇంకొక్కసారి రాసి వదిలెయ్. కుదరదంటే ఇప్పుడే వదిలెయ్. ఆ మార్కుల కాగితం మీ నాన్నకు కూడా చూపించు. మార్కులు చూపించి మాట్లాడితే తండ్రులు వింటారు, ఏడుస్తూ మాట్లాడితే "ఇంకోసారి ప్రయత్నించు తల్లీ" అంటారు. మూడేళ్ళూ రెండు పుస్తకాల సంచులు మోసి, చివరికి నీట్‌లో సీటూ లేక, డిగ్రీలో బ్యాక్‌లాగులతో మిగిలినవాళ్ళను నేను చాలామందినే చూశాను. అందులో తెలివైన పిల్లలే ఎక్కువ.

ఇంగ్లీషు సంగతికొస్తే, నువ్వు భయపడుతున్నంత లేదు. లైబ్రరీలో తెలుగు అకాడమీ వేసిన డిగ్రీ పుస్తకాలు ఉంటాయి, అడుగు. విషయం అందులో చదివి అర్థం చేసుకుని, జవాబు మాత్రం చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాయడం అలవాటు చేసుకో. బొమ్మ ముందు గీసి, భాగాల పేర్లు పెట్టి, ఆ బొమ్మను చూస్తూ రాస్తే సగం వాక్యాలు వాటంతట అవే వస్తాయి. నిజానికి నీకు ఇంగ్లీషు కన్నా బిట్ల అలవాటే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఇన్నాళ్ళూ నాలుగు ఆప్షన్లలో ఒకటి పట్టుకోవడం నేర్పారు. డిగ్రీలో "ఎందుకు" అని అడిగి ఖాళీ పేజీ చేతికిస్తారు.

ఆ బిట్ల అలవాటు ప్రాక్టికల్స్‌లో కూడా బయటపడుతుంది. స్పాటర్లు, అంటే సీసాల్లో పెట్టిన నమూనాలు, గుర్తుపట్టమంటే జీవిని చూడరు, సీసాల వరుస బట్టీ పడతారు. మొదటిది హైడ్రా, రెండోది లివర్‌ఫ్లూక్, మూడోది ఆంఫియాక్సస్ అని. పరీక్షకు ముందు రోజు అటెండర్ దుమ్ము తుడిచి సీసాలు అటూ ఇటూ పెట్టాడంటే క్లాసంతా తెల్లమొహం వేస్తుంది. ఆ ఆంఫియాక్సస్‌ను ఒక్కసారి వెలుతురుకు పట్టుకుని చూస్తే, ఒంటి పొడుగునా వీ ఆకారంలో కండరాల గీతలు కనిపిస్తాయి. అవి చూసినవాళ్ళకు వరుసతో పనుండదు.

"ఏమన్నా అవుతుందా" అన్నావు. అవుతుంది, కానీ మూడో ఏడు చివర్లో వెతకడం మొదలుపెడితే కష్టం. తెలంగాణ యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీకి సీపీగెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ. ఐఐటీల్లో చదవాలనుంటే జామ్ పరీక్షలో బయోటెక్నాలజీ పేపరు ఉంది. బెంగళూరు ఐఐఎస్సీ ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి కూడా ఆ స్కోరు చూస్తారు. ఆ పేపర్లో ఇంటర్ స్థాయి లెక్కలు, ఫిజిక్స్ కూడా అడుగుతారు. బైపీసీ వాళ్ళు తడబడేది అక్కడే, కాబట్టి రోజుకో అరగంట ఇప్పటినుంచే దానికి ఇవ్వు. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ (దేశ శాస్త్ర పరిశోధన మండలి) నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్ళకిచ్చేది) వస్తే 2023 నుంచి నెలకు 37,000 ఫెలోషిప్, అద్దె భత్యం అదనం. "పెళ్ళి చేసేద్దాం" అనే ఇళ్ళల్లో ఈ అంకె బాగా పనిచేస్తుంది.

టీచరవుదామంటే ఎడ్‌సెట్, బీఈడీ, టెట్, డీఎస్సీ. ఇది నీకు తెలిసిన దారే. చాలామందికి తెలియంది ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్. దానికి ఏ డిగ్రీ పడితే అది చాలదు. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ లాంటి నిర్ణీత సబ్జెక్టుల్లో ఒకటైనా చదివి ఉండాలి. నీ బీజెడ్‌సీలో మూడూ ఆ జాబితాలోవే. ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే జరుగుతుంది. ఫార్మా కంపెనీల క్వాలిటీ ల్యాబుల్లోకి బీఎస్సీతోనే వెళ్ళొచ్చు, అక్కడ అడిగేది నీ కెమిస్ట్రీ. మొదట్లో జీతం తక్కువ, షిఫ్టులుంటాయి, అది తెలిసే వెళ్ళు.

హైదరాబాద్ నీకు ఎంతో దూరం కాదు. సెప్టెంబరు 26 సీఎస్ఐఆర్ స్థాపక దినం. ఆ తేదీ చుట్టుపక్కల అక్కడి సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) వాళ్ళు విద్యార్థులను ల్యాబుల్లోకి రానిస్తారు. ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్ళు కలిసి వెళ్ళండి. బేగంపేటలో రొనాల్డ్ రాస్ పనిచేసిన భవనం కూడా చూసి రండి. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని ఆయన గుర్తించింది ఇక్కడి సికింద్రాబాద్‌లోనే. చుట్టాలకు జవాబు చెప్పాల్సిన పనేం లేదు. వాళ్ళు ఎంసెట్ రానివాళ్ళనూ అన్నారు, వచ్చినవాళ్ళనూ అన్నారు.

ప్రశ్న: నేను అనంతపురం జిల్లా గుత్తి వైపు ఒక కాలేజీలో జువాలజీ మేజర్ చదువుతున్నాను. మా దగ్గర ప్రాక్టికల్స్ జరగవు. మైక్రోస్కోపులు బీరువాలో తాళం వేసి ఉంటాయి. ఏడాది చివర్లో సీనియర్ల రికార్డులిచ్చి కాపీ చేసుకోమంటారు. మేము ఏం చేయగలం మేడం?
– ఒక విద్యార్థి

జవాబు: ఫిర్యాదుతో మొదలుపెట్టకు బాబూ. నలుగురు కలిసి మీ సారు దగ్గరికెళ్ళి "సార్, శనివారం మధ్యాహ్నం ఉల్లి వేరు స్లైడు చేసుకుంటాం, ఉల్లిగడ్డలు మేమే తెస్తాం, మైక్రోస్కోపు ఒక్కటి ఇప్పించండి" అని అడగండి. ప్రాక్టికల్స్ పెట్టమంటే సాకులు చెప్పే లెక్చరర్లు కూడా ఇంత చిన్న కోరికను కాదనడం తక్కువ. కాదంటే అప్పుడు ప్రిన్సిపాల్‌కు కాగితం రాయండి, నలుగురూ సంతకాలు పెట్టండి.

చిన్న ఉల్లిగడ్డ తీసుకుని అడుగున ఎండిన పాత వేళ్ళు బ్లేడుతో గీకెయ్. నీళ్ళు నింపిన సీసా మూతి మీద అడుగు మాత్రం తడిసేలా కూర్చోబెట్టు. రెండు మూడు రోజుల్లో తెల్లటి వేళ్ళు దిగుతాయి. సెంటీమీటరు దాటాక పొద్దున పూట కొసలు కత్తిరించి, ఒక వంతు ఎసిటిక్ యాసిడ్‌కు మూడు వంతుల ఆల్కహాల్ కలిపి అందులో వెయ్యి. తర్వాత పలుచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కాస్త వెచ్చబెడితే కణాల మధ్య పట్టు వదులవుతుంది. ఈ యాసిడ్ల పని సారు పక్కనుండగానే చెయ్యండి. ఎసిటోకార్మిన్ అనే ఎర్రరంగులో ఉంచాక వేరు చివర ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రం మిగతాదానికంటే ముదురెరుపుకు తిరుగుతుంది. కణ విభజన జరిగేది అక్కడే. ఆ ముక్క ఉంచుకుని మిగతాది తీసెయ్. చాలామంది ఇక్కడే పొరపడి, పైభాగం స్లైడు చేసి "ఏమీ కనిపించట్లేదు" అంటారు. కవర్‌స్లిప్ మీద బ్లాటింగ్ పేపరు పెట్టి బొటనవేలితో నిలువుగా నొక్కు. వేలు పక్కకు జారిందంటే కణాలన్నీ ముద్దయిపోతాయి.

ఇప్పుడు చూడు. ఎక్కువ కణాల్లో కేంద్రకం గుండ్రంగా, ఏమీ జరగనట్టే ఉంటుంది. అది ఇంటర్‌ఫేజ్, విభజన ఇంకా మొదలవని దశ. క్రోమోజోములు మధ్యలో బారులు తీరినవి వెతికితే గానీ దొరకవు. పుస్తకంలో అన్ని దశలకూ ఒకే సైజు బొమ్మ వేస్తారు కాబట్టి అన్నీ సమానంగా సాగుతాయనిపిస్తుంది. స్లైడులో ఏ దశలో ఎక్కువ కణాలుంటే ఆ దశే ఎక్కువసేపు సాగుతుందని లెక్క. ఎన్ని కణాలు ఏ దశలో ఉన్నాయో లెక్కపెట్టి రికార్డులో రాసుకో. సీనియర్ రికార్డులో అంకెలు నీకు కుదరవు, ఎక్స్‌టర్నల్ వైవాలో అడిగితే చెప్పడానికి నీ దగ్గర నీ లెక్క ఉంటుంది.

ఇంకో మాట. మీ గుత్తి పేరు ప్రపంచంలో సాలీళ్ళ గురించి చదివేవాళ్ళందరికీ తెలుసు. లోహంలా మెరిసే నీలిరంగు సాలీడు, పీసిలోథీరియా మెటాలికా, 1899లో శాస్త్రానికి పరిచయమైంది గుత్తిలో దొరికిన నమూనాతోనే. అది రైల్వే కట్టెల అడితిలో దొరికింది, కట్టెలతో పాటు వచ్చి ఉంటుంది. దాని అసలు అడవి నంద్యాల, గిద్దలూరుల మధ్య ఉంది. పట్టుకుందామని మాత్రం బయల్దేరకండి, అది అంతరించిపోయే ముప్పులో ఉన్న జీవి, పైగా విషం ఉంటుంది. ఆకులు, చెరువు నీళ్ళు, ఇంటి గోడ మీది సాలీళ్ళతో మొదలుపెట్టండి. బీరువా తాళం అప్పటికీ తీయకపోతే, స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త మను ప్రకాశ్ బృందం తయారుచేసిన ఫోల్డ్‌స్కోప్ అనే కాగితపు మైక్రోస్కోపు తెప్పించుకోండి, నలుగురూ తలా కొంత వేసుకుంటే భారం కాదు. చెరువు నీటి చుక్కలో పారమీషియం అనే ఏకకణ జీవి దానితోనే కనిపిస్తుంది.